ఒంటితీగ కట్టిన బండి

కాటన్ గల్చ్, వయోమింగ్
ఏప్రిల్ మొదటివారం

రొవీనా అక్కా,

ఫోనుండగా ఈ కాగితాలేమిటని విసుక్కుంటావని తెలుసు. ఫోను వంటింటి గోడకుంది. నేను దాని దగ్గరికి వెళ్తే చాలు, హార్లన్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాడు. నా మాటలు వినాలని కాదు, నేను కనబడే చోట ఉండాలని. తన గురించి తన ఎదుటే ఏం మాట్లాడను? అందుకే ఊళ్ళో పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. నువ్వూ ఇంటికి రాయకు. ఇక్కడి పెట్టెకి రాయి, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

హార్లన్ తుపాకుల బండి చేస్తున్నాడు. మా కౌబాయ్ తుపాకీ పోటీలకి నువ్వెప్పుడూ రాలేదు కదా. ఒక్కో మనిషికి నడుముకి రెండు రివాల్వర్లు, ఒక రైఫిలు, ఒక జోడు గొట్టాల తుపాకీ, తూటాల పెట్టె, నీళ్ళు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఒక చోటు కాల్చి ఇంకో చోటికి ఇవన్నీ మోసుకుపోవాలి. అందుకని ఎవరికి వాళ్ళు ఓ బండి చేసుకుంటారు. హార్లన్ ఇన్నేళ్ళూ ఒక పాత పసిపిల్లల తోపుడుబండితో నెట్టుకొచ్చాడు. నిరుడు దాని చక్రం ఊడి తుపాకులన్నీ దుమ్ములో పడితే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. తనూ నవ్వాడు. ఇప్పుడు ఏదో వేలంలో గుర్రప్పందేల తేలికబండి చక్రాలు రెండు దొరికాయి, సన్నటి ఆకులతో చూడ ముచ్చటగా ఉన్నాయి. వాటి మీద ఓక్ చెక్కతో కడుతున్నాడు. మూతేస్తే కూర్చోడానికి పనికొచ్చే పెట్టె, వెనక నిలువు పలక, పలకలో తుపాకులు నిలబెట్టడానికి గాళ్ళు, గాళ్ళకి తోలు.

ఇంతవరకూ బాగానే ఉంది కదా. నిన్న కాఫీ ఇవ్వడానికి కొట్టంలోకి వెళ్తే గోడవార చెక్కల కుప్ప కనబడింది. అన్నీ ఒకే ముక్క అక్కా. ఒకే పొడవు, ఒకే వంపు, ఒకే చోట గాడి. పొద్దున కోసింది మధ్యాహ్నానికి మర్చిపోయి మళ్ళీ కోస్తున్నాడు. "ఇన్ని ఎందుకు?" అన్నాను. కుప్ప వైపు చాలాసేపు చూసి, "ఎవరు కోశారివి?" అన్నాడు. తర్వాత నవ్వేసి, "మంచిది ఏరుకోవడానికిలే" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇంకోటి. మా పోటీల్లో అసలు పేర్లు వాడరు, అందరికీ దొంగపేర్లే. హార్లన్ కరెంటు స్తంభాలెక్కిన మనిషి కాబట్టి ఒంటితీగ. పోటీలు నడిపే విర్జిల్ పస్తుల పాదిరి. మార్చి పోటీలో రోజంతా "పాదిరీ, పాదిరీ" అంటూ సరదాగానే ఉన్నాడు. తిరిగొస్తుంటే కారులో అడిగాడు: "ఆ పాదిరి అసలు పేరేమిటి వెల్డా?" విర్జిల్ మా పెళ్ళికి తోడుగా నిలబడ్డవాడు. వాళ్ళిద్దరూ మంచు తుపానుల్లో ఒకే స్తంభం మీద వేలాడినవాళ్ళు.

వేళాకోళం అనుకుని నవ్వాను. తను నవ్వలేదు, జవాబు కోసం చూస్తున్నాడు.

వయసు వచ్చింది, అంతేలే. నువ్వూ అదే అను.

నీ వెల్డా


కూస్ బే, ఆరిగన్
ఏప్రిల్

వెల్డా,

అనను. నాకూ వయసు వచ్చింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోతాను, చేపల ఎరల కొట్టు తాళం వెయ్యడం మర్చిపోతాను. నా పెళ్ళికి తోడుగా నిలబడ్డవాడి పేరు మాత్రం మర్చిపోను, మర్చిపోవాలని ఉన్నా సరే.

అడిగిన వాటికి సూటిగా జవాబు చెప్పు. తుపాకులు ఎక్కడుంటున్నాయి? తాళం ఉందా? తాళంచెవి ఎవరి దగ్గరుంది? తూటాలు వేరే చోట పెట్టారా? హార్లన్‌ని డాక్టరుకి చూపించావా? "తను రాడు" అని రాయకు. నువ్వు బీన్స్ కుండ పట్టుకుని పిలిస్తే ఎక్కడికైనా వస్తాడు, నాకు తెలుసు.

నిన్ను బెదిరించాలని కాదు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో నువ్వు భయపడ్డానని ఒక్కచోట కూడా రాయలేదు. చిన్నప్పుడు పశువుల కొట్టంలో పాము కనబడినప్పుడు కూడా నువ్విలాగే చేశావు, మెల్లగా వచ్చి "అక్కా, పాలు తర్వాత పితుకుదామా" అన్నావు.

ఇక్కడ పొగమంచు. పడవలు కదలడం లేదు, బేరం లేదు. తీరిగ్గా ఉన్నాను, రాస్తూ ఉండు.

రొవీనా


కాటన్ గల్చ్
మే

అక్కా,

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నా మోకాలి నొప్పికని చెప్పి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ హార్లన్‌తో కాసేపు మాట్లాడి, నన్ను పక్కకి పిలిచి, పట్నంలో పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించాలంది. ఏమిటో ఆవిడ నోటితో చెప్పలేదు, నేనూ అడగలేదు. కారెక్కాక హార్లన్ అన్నాడు, "నీ మోకాలు చూడలేదే ఆవిడ." పట్నం మాటెత్తితే, బండి అయ్యాక చూద్దామంటాడు.

తాళంచెవి ఇప్పుడు నా మెళ్ళో ఉంది, చొక్కా లోపల. తూటాలు పిండి డబ్బా వెనక దాచాను. చెప్తే నవ్వుతావు, రోజూ పొద్దున్నే ఇనపబీరువా తెరిచి ఒక్కో తుపాకీ తీసి చూస్తున్నాను. వాటిని ముట్టుకోవడమంటేనే నాకు ఒళ్ళు జలదరించేది, తెలుసు కదా. పోటీల్లో నా పని బీన్స్ వండటం, లెక్కలు రాయటం. ఇప్పుడు రైఫిలు మీట తెరిచి, తూటా కూర్చునే గూట్లో చిటికెన వేలు పెట్టి తడుముతున్నాను. చల్లగా, నూనెగా ఉంటుంది. ఏమీ తగలకపోతే ఊపిరి పీల్చుకుంటాను.

మొన్న తగిలింది.

గాళ్ళు సరిపోయాయో లేదో చూడాలి, రైఫిలు ఇమ్మన్నాడు. ఇచ్చాను. గంట తర్వాత కొట్టంలోకి వెళ్తే బండిలో నిలబెట్టి ఉంది, అందంగా, తోలు మీద ఆనుకుని. మీట మూసి ఉంది. బండిలో నిలబెట్టిన తుపాకీ ఖాళీగా, మీట తెరిచి, గొట్టం ఆకాశం కేసి ఉండాలి. వీళ్ళ మొదటి నియమం అదే. కొత్తవాళ్ళందరికీ ఆ నియమం నేర్పింది హార్లనే. నేను మీట తెరిచాను. గూట్లోంచి తూటా ఎగిరొచ్చి నా చెప్పు మీద పడింది. జేబులో ఎప్పటిదో ఒకటి మిగిలుండాలి.

తనకి చూపించాను. మొహం తెల్లగా పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది. "నువ్వు పెట్టావు" అన్నాడు. "నన్ను పిచ్చివాణ్ణి చేద్దామని నువ్వే పెట్టావు." ఇన్నేళ్ళ కాపరంలో నామీద గొంతు పెంచని మనిషి. సాయంత్రానికి ఆ సంగతే గుర్తులేదు. బండి పిడికి గరుకు కాగితం రుద్దుతూ, "చెయ్యి పెట్టి చూడు, ఎంత నున్నగా ఉందో" అని నా చెయ్యి లాగి దాని మీద పెట్టాడు. నిజంగానే నున్నగా ఉందక్కా. ఆ బండి ఎంత బాగా వస్తోందో చెప్పలేను. చేతులకి అన్నీ గుర్తున్నాయి.

భయంగా ఉంది. రాశాను, చూసుకో. తన వల్ల భయం, తన కోసం భయం, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు. జూన్ పోటీలో ఆ కొత్త బండితో దిగుతానని ఊరంతా చెప్తున్నాడు. అక్కడ పక్కన జనం ఉంటారు. పిల్లల్ని తెచ్చుకునే వాళ్ళుంటారు.

కానీ విర్జిల్‌కి తెలిస్తే మైదానంలో అడుగు పెట్టనివ్వడు. అది కూడా పోతే హార్లన్‌కి ఇంకేం మిగులుతుంది? ఎవరికీ చెప్పకు. ఒట్టు.

వెల్డా


కూస్ బే
మే చివర

చెల్లీ,

ఉత్తరం అందింది. పొగమంచు విడిపోయింది, పడవలు కదిలాయి. రొయ్య ఎర కోసం జనం కొట్టు ముందు క్యూ కట్టారు. రోజంతా చేతులకి ఉప్పు.

నువ్వు వేళకి తిను. రాత్రిపూట గది తలుపు గడియ వేసుకో. జూన్ పోటీ గురించి బెంగ పెట్టుకోకు, అది ఎలాగోలా సర్దుకుంటుంది.

ఇంతకన్నా ఇప్పుడు రాయడానికి లేదు.

రొవీనా


కాటన్ గల్చ్
జూన్

రొవీనాకి,

ఇక్కడ అంతా బాగుంది. ఎండలు ముదిరాయి. కొండవాలు మీద జింకలు పిల్లలతో తిరుగుతున్నాయి. బండికి వార్నిష్ రెండో పూత కూడా అయింది. ఇరుసు కిర్రుమనకుండా గ్రీజు పెట్టాడు.

పోటీకి ముందు విర్జిల్ మా ఇంటికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "హార్లన్, ఈసారికి నువ్వు కాల్చొద్దు. కాల్చే గీత దగ్గర నాకు సాయం చెయ్యి" అన్నాడు. హార్లన్ "ఎవరు చెప్పారు నీకు?" అని అడిగితే, "ఎవరూ చెప్పలేదు" అన్నాడు. విర్జిల్‌కి అబద్ధం చేతకాదు. హార్లన్ నా వైపు చూశాడు. మేం పోటీకి వెళ్ళలేదు.

విర్జిల్‌కి ఎవరు చెప్పారో నీకేమైనా తెలుసా?

కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు. నాకు పనులు చాలా ఉన్నాయి.

వెల్డా


కూస్ బే
జూన్

వెల్డా,

నేనే చెప్పాను. నీ ఉత్తరం చదివిన రోజునే వాళ్ళ మైదానం నంబరు వెతికి విర్జిల్‌కి ఫోను చేశాను. ఒట్టు వెయ్యమని నువ్వడిగావు, నేను వెయ్యలేదు. వేసినా చేసేదాన్నే. ఆ తూటా నీ చెప్పు మీద పడింది. ఇంకోసారి ఎక్కడ పడుతుందోనని నేను ఇక్కడ కూర్చుని లెక్కలేస్తూ ఉండలేను.

నన్ను తిట్టుకో. జన్మలో మాట్లాడకు. కానీ ఒక్కదానికి జవాబు రాయి.

నీ ఉత్తరం ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది, ఒక్క ముడత లేదు. జింకలట, వార్నిషట. "అక్కా" అని కూడా రాయలేదు. కోపమైతే నువ్వు నాలుగు పేజీలు రాస్తావు. ఇది కోపం కాదు. ఏదో జరిగింది. ఏం జరిగింది?

జవాబు రాకపోతే కొట్టు మూసి బస్సెక్కుతాను. నా నడుము సంగతి తెలుసుగా, ఆ పాపం నీదే.

రొవీనా


కాటన్ గల్చ్
జూలై

అక్కా,

బస్సెక్కకు. రాస్తున్నాను. ఇన్నాళ్ళూ రాయలేకపోయాను.

విర్జిల్ వచ్చి వెళ్ళాక హార్లన్ కొట్టంలోకి వెళ్ళి ఒక చెక్కకి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఆ చెక్క ఆకులా పల్చనైపోయింది, అయినా ఆపలేదు. ఆ మర్నాటి నుంచి ఎవరో తన బండి ఎత్తుకుపోవడానికి వస్తున్నారని పట్టుకున్నాడు. దారిన కారు పోతే కిటికీ దగ్గరికి పరుగు. భోజనానికి కూడా కొట్టం వదిలేవాడు కాదు, పళ్ళెం నేనే అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. తుపాకులన్నీ బీరువాలో ఉన్నాయి, తాళం నా మెళ్ళో ఉంది, అదే నా ధైర్యం.

వాళ్ళ నాన్నది ఒక పాత జోడు గొట్టాల తుపాకీ ఉండేది. కొట్టం అటక మీద గోనెగుడ్డలో చుట్టి పడేసి ఎన్నేళ్ళయిందో. దాని సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. హార్లన్ మర్చిపోలేదు.

ఆవేళ మిట్టమధ్యాహ్నం. గాలి దుమారంగా ఉందని తలకీ మొహానికీ గుడ్డ కట్టుకుని, పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. బయట కళ్ళు చెదిరే ఎండ, లోపల చీకటిగా ఉంది. తలుపు తోసి రెండడుగులు వేశాను.

"అక్కడే ఆగు" అన్నాడు.

బండి వెనకాల నిలబడి ఉన్నాడు. రెండు గొట్టాల నోళ్ళూ నా గుండెల కేసి చూస్తున్నాయి. తుపాకీ సుత్తులు రెండూ వెనక్కి లాగి, వేలు కదిలితే పేలేలా ఉన్నాయి. అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది నాకు.

"హార్లన్, నేను" అన్నాను.

"ఎవరు నువ్వు? బండి కోసం వచ్చావా?"

"నేను వెల్డాని. భోజనం తెచ్చాను." మొహం మీద గుడ్డ లాగేశాను. తన కళ్ళల్లో ఏ మార్పూ లేదు.

"వెల్డా ఇంట్లో ఉంది" అన్నాడు. గొంతు ఎంత నెమ్మదిగా ఉందో. "ఆవిడ జోలికి వెళ్ళావంటే ఇక్కడే పడేస్తాను. ఆవిడకి తుపాకులంటే భయం. ఆవిడ జోలికి మాత్రం వెళ్ళకు."

నా నుంచి నన్ను కాపాడుతున్నాడక్కా.

పరుగెత్తితే కాలుస్తాడు. ఏడుస్తూ తన పేరు పిలిస్తే వేలు బిగుసుకుంటోంది, అది కనబడుతోంది. ఇంక పేర్లతో పని జరగదని అర్థమైంది. అప్పుడు నా నోట్లోంచి నాది కాని గొంతు వచ్చింది. ఇన్నేళ్ళుగా మైదానంలో వెనక కూర్చుని లెక్కలు రాస్తూ విన్న గొంతు, విర్జిల్ గీత దగ్గర నిలబడి వేసే కేక.

"కాల్పులు ఆపండి" అన్నాను. "వేలు బయటికి."

వేలు బయటికి వచ్చింది.

"గొట్టం మైదానం వైపు."

తను ఒక్క క్షణం తడుముకున్నాడు. తర్వాత, ఎన్ని వేలసార్లు తిరిగాడో అలాగే, మెల్లగా వెనక గోడ వైపు తిరిగాడు. గొట్టాలు నా మీంచి పక్కకి పోయాయి. చేతిలో పళ్ళెం ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు.

"సుత్తులు దించండి. తుపాకీ తెరవండి. ఖాళీ చేసి చూపించండి."

బొటనవేలితో ఒకదాని తర్వాత ఒకటి సుత్తులు దించి, తుపాకీ మధ్యకి మడిచి తెరిచాడు. రెండు తూటాలు బయటికొచ్చి నేల మీద దొర్లాయి. ఇత్తడి మీద ఎండ పడి మెరిసింది. ఎక్కడివో, ఎన్నేళ్ళనాటివో. పేలతాయో పేలవో అని తర్వాత విర్జిల్ అన్నాడు. ఆ క్షణంలో నాకా సందేహం రాలేదు.

"ఖాళీ చేసే బల్ల దగ్గరికి నడవండి" అన్నాను. వడ్రంగి బల్ల దగ్గరికి నడిచి, తుపాకీ దాని మీద పెట్టి, చేతులు దించుకుని నిలబడ్డాడు. కాల్చడం అయినవాడు తర్వాతి ఆజ్ఞ కోసం చూసినట్టు నా వైపు చూశాడు. అప్పుడు "మైదానం ఖాళీ" అని చెప్పాలి, ఇంక ప్రమాదం లేదని. నేను చెప్పలేకపోయాను.

చివరికి తనే అన్నాడు, "వెల్డా, కింద ఏమిటంతా ఒలికిపోయింది?" అని. బీన్స్ ఏరడానికి వంగాడు. బీన్స్ పక్కన తూటాలు కనబడ్డాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. బల్ల మీది తుపాకీ కేసి చూశాడు, గుమ్మం కేసి చూశాడు, నేను నిలబడ్డ చోటు కేసి చూశాడు.

"నేనేనా?" అన్నాడు.

"నువ్వే."

"నీ మీదికా?"

బండి చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. నేనూ పక్కన కూర్చున్నాను. దగ్గరగా కాదు, అబద్ధం ఎందుకు. కాస్త ఎడంగానే కూర్చున్నాను.

అప్పుడన్నాడు: "విర్జిల్‌ని పిలువు. అన్నీ పట్టుకుపొమ్మను. ఒక్కటి కూడా ఉంచొద్దు. రేపు నేను వద్దంటాను, చూడు. దొంగలంటాను, నిన్ను ఏవేవో అంటాను. అప్పుడు నా మాట వినకు. ఇప్పుడంటున్నదే నా మాట."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?" అని అడిగాను.

"గోడవార చెక్కలు చూసినప్పటి నుంచి" అన్నాడు. "నీకు చెప్తే నువ్వు భయపడతావని చెప్పలేదు."

ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే దాచుకున్నాం.

విర్జిల్ ట్రక్కు తీసుకుని వచ్చాడు. బీరువా నేను తెరిచాను. తీసుకెళ్ళి ట్రక్కులో పెడతానని విర్జిల్ చెయ్యి చాపితే హార్లన్ ఒప్పుకోలేదు. ఒక్కొక్కటీ తీసి, తెరిచి, ఖాళీ అని విర్జిల్‌కి చూపించి, బండి గాళ్ళలో నిలబెట్టాడు. గొట్టాలన్నీ ఆకాశం కేసి. రివాల్వర్లు పెట్టెలో పెట్టి మూత వేశాడు. తర్వాత పిడి పట్టుకుని కొట్టం నుంచి వాకిలి దాకా తనే తోసుకొచ్చాడు. ఆ రాళ్ళ బాట మీద బండి చప్పుడు చేయకుండా వచ్చింది. విర్జిల్ దాని చుట్టూ తిరిగి చూసి, "ఇంత మంచి బండి మా మైదానంలో లేదురా" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని.

"తెలుసు" అన్నాడు హార్లన్.

మర్నాడు అన్నంత పనీ చేశాడు. నన్ను దొంగ అన్నాడు, తుపాకులు అమ్ముకు తిన్నావన్నాడు, తలుపులు బాదాడు. ముందురోజు తను చెప్పిన మాట పట్టుకుని నేను నిలబడ్డాను. ఇంట్లో ఇప్పుడు తుపాకీ లేదు. అయినా తను వెనక నుంచి వస్తే నా వీపు బిగుసుకుంటుంది. ఉల్లిపాయలు తరిగిన కత్తి కడగగానే దాచేస్తున్నాను. గది గడియ వేసుకుంటున్నాను, నువ్వు చెప్పినట్టే. అవతల నుంచి తను తలుపు మీద మెల్లగా తడితే, ఎవరు తడుతున్నారో కనిపెట్టాలి ముందు. నా మనిషా, ఆ కొట్టంలో మనిషా.

నీ మీద కోపం వచ్చింది. నువ్వు ఫోను చెయ్యకపోతే తనకి ఆ దొంగల భయం పట్టేది కాదు, అటక ఎక్కేవాడు కాదు అనుకున్నాను. తర్వాత అనుకున్నాను, నువ్వు చెయ్యకపోతే జూన్‌లో మైదానంలో, అంతమంది మధ్య, నిండిన తుపాకులతో నిలబడేవాడు. రెండూ నిజమే. ఏదో ఒకటి ఏరుకునే ఓపిక నాకు లేదు.

వెల్డా


కూస్ బే
ఆగస్టు

నా తల్లీ,

నీ ఉత్తరం కొట్లో నిలబడి చదివాను. ఒకాయన వచ్చి ఎర అడిగితే డబ్బా అందించి డబ్బులు తీసుకోవడం మర్చిపోయాను. ఆయన తిరిగొచ్చి ఇచ్చి వెళ్ళాడు.

నేనూ ఏరుకోలేను. ఫోను చేసింది నేనే. ఆ రెండు గొట్టాలూ నీ మీదికి తిరగడంలో నా చెయ్యీ ఉంది. ఆ మాట నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. దాన్ని తలుచుకుని పగలు కూడా ఉలిక్కిపడుతున్నాను.

పట్నం పరీక్షలకి ఎప్పుడు వెళ్ళాలో చెప్పు, నేను వస్తాను. నువ్వు కారు నడుపు, హార్లన్‌ని నేను కబుర్లలో పెడతాను. నేనెవరో గుర్తులేకపోతే మరీ మంచిది, నా పాత కోతలన్నీ కొత్తగా వింటాడు. శీతాకాలం నీ దగ్గరే ఉంటాను. కొట్టు మా పక్కింటి మెక్సికో ఆవిడకి అప్పజెప్పాను, నాకన్నా ఆవిడే బేరం బాగా చేస్తుంది. రావొద్దని రాయకు. ఇక్కడ ఒంటరిగా కూర్చుని భయపడటం కన్నా అక్కడ నీతో కలిసి భయపడటం నయం.

ఆ కొట్టంలో అంత బుద్ధి నీకెక్కడ నుంచి వచ్చింది? మన ఇంట్లో ధైర్యం నాదేననుకునేదాన్ని.

రొవీనా


కాటన్ గల్చ్
అక్టోబరు

అక్కా,

నువ్వు వచ్చే వారం బయల్దేరుతున్నావు కదా, ఇది నీకు అందుతుందో లేదో. అయినా రాయాలనిపించింది.

నువ్వు వచ్చేదాకా ఆగకుండా పట్నం పరీక్షలకి వెళ్ళొచ్చాం, డాక్టర్లు ఆ జబ్బు పేరు చెప్పారు. నువ్వూ నేనూ అనుకున్నదే. ఆ వివరాలు నువ్వు వచ్చాక.

నిన్న ఈ ఏటి ఆఖరి పోటీ. విర్జిల్ వచ్చి అడిగాడు: "మీ కొట్టంలో బండి ఖాళీగా పడి ఉందిగా. కాల్చాక ఇనప గురి పలకలకి రంగు వెయ్యాలి, అందరికీ నీళ్ళందించాలి. ఒంటితీగ వస్తాడా?" అక్కడ చుట్టూ తుపాకులే. విర్జిల్ అన్నాడు, "రోజంతా నా చేతికందేంత దూరంలో ఉంటాడు. ఏ తుపాకీ దగ్గరికీ పోనివ్వను. నీకు నచ్చకపోతే ఆ క్షణమే తీసుకుపో." ఒప్పుకున్నాను. రాత్రంతా నిద్రపోలేదు.

తుపాకుల కోసం తోలు వేసిన గాళ్ళలో రంగు కుంచెలు, చీపురు, ఎర్ర జెండా నిలబెట్టాం. పెట్టెలో నీళ్ళ సీసాలు. హార్లన్ ఎప్పుడో పోటీలో గెలిచిన పాత పతకం చొక్కా మీద పెట్టుకుని బండి తోసుకుంటూ నడిచాడు. జనం ఆగి ఆగి బండిని చూశారు. ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని చక్రం ఆకులు తడిమి చూశాడు. "ఎవరు చేశారు?" అంటే హార్లన్, "మంచి పనివాడే అయ్యుంటాడు" అన్నాడు. అది వేళాకోళమో నిజమో వాళ్ళకి తెలియలేదు, నవ్వారు. నేను మాత్రం వంట మొదలుపెట్టేదాకా తన చేతుల మీంచి చూపు తిప్పలేదు. పక్కన ఎవరైనా రివాల్వరు ఒరలో పెట్టుకుంటుంటే నేను ఒకడుగు తనకి దగ్గరగా జరిగేదాన్ని.

మధ్యాహ్నం బీన్స్ కుండ దించి, తనకి పెడదామని వెతుక్కుంటూ వెళ్ళాను. చివరి గురి దగ్గర విర్జిల్ గడియారం పట్టుకుని ఉన్నాడు, ఒకావిడ తుపాకులు నింపుకుని గీత దగ్గరికి వస్తోంది. హార్లన్ విర్జిల్ వెనకే, జనాన్ని ఆపడానికి కట్టిన తాడుకి ఇవతల, బండితో నిలబడ్డాడు. నేను తొందరలో తాడు దాకా వెళ్ళిపోయాను.

"అమ్మా, అది దాటకండి" అన్నాడు.

చూశాను. ఆ చూపు నాకు తెలుసు. కొట్టంలో చూసిన చూపే, నేనెవరో తెలియని చూపు. నా వీపు బిగుసుకుపోయింది.

"ఇలా రండి" అన్నాడు. "నా బండి వెనకాల నిలబడండి. ఇక్కడ మీకేమీ కాదు. ఒంటరిగా వచ్చారా?"

"మా ఆయనతో వచ్చాను" అన్నాను.

"మరి ఆయన మిమ్మల్నిలా వదిలేసి ఎక్కడికి పోయాడు?" కోపంగానే అడిగాడు. "ఇలాంటి చోట పక్కనే ఉండొద్దూ? చప్పుడు చాలా పెద్దగా వస్తుంది. భయపడకండి. చెవులు మూసుకోండి."

మూసుకున్నాను. కాల్పులు మొదలయ్యాయి. పలకలు ఒక్కొక్కటే గణగణమన్నాయి, పొగ మా మీదికి కొట్టింది. హార్లన్ నా వైపు చూడలేదు. గీత కేసి చూస్తూనే, ఒక చెయ్యి బండి పిడి మీద వేసి, ఇంకో చెయ్యి నాకు అడ్డంగా చాపాడు. చివరి పలక మోగి, విర్జిల్ "మైదానం ఖాళీ" అని కేకేసేదాకా ఆ చెయ్యి దించలేదు.

నేను ఆ చేతి వెనకాలే నిలబడ్డాను.

వెల్డా